దీపోద్ధరణ సూత్రం, నాగాయలంక టీకతో

మూలం:
చల్లారనీ, చెయ్యి తగలనీకు,
చెవి చూసి కూర్చోబెట్టు, గోడ మీద గీత చూడు.

అవతారిక. ఈ సూత్రానికి కర్త ఎవరన్నది తేలలేదు. అవనిగడ్డ మేస్త్రీలు తమవాడంటారు, బందరు మేస్త్రీలు తమవాడంటారు. సందర్భం మాత్రం స్పష్టం. అవనిగడ్డ నుంచి నాగాయలంక వచ్చే దారిలో, చీకటి పడ్డాక, కారుకు కుడివైపు హెడ్‌లైటు పోయింది. ఎదుటివాడికి వచ్చేది మోటారుసైకిలని తోస్తుంది, కాబట్టి మిగిలిన రోడ్డంతా తనదే అనుకుంటాడు. పక్కనేమో పంటకాలవ. శుక్రాచార్యుడు ఒంటికన్నుతోనే రాక్షసకులాన్ని నెట్టుకొచ్చాడు నిజమే గాని, ఆయనకు వెనక లైట్లు లేని ధాన్యం ట్రాక్టర్లు తగల్లేదు.

అధికారి. ఈ శాస్త్రాన్ని అభ్యసించడానికి అర్హుడెవరు? బానెట్ ఎత్తితే దీపం వెనక చెయ్యి దూరే సందు ఉండి, అందులో హెచ్‌4 బల్బు ఉన్న కారు గలవాడు. దీపం మొత్తం ఎల్‌ఈడీగా బిగించి వచ్చిన కొత్త కార్లవారికి ఇందులో ప్రవేశం లేదు. వారు షోరూముకు వెళ్ళి బిల్లు పారాయణ చేయవలసిందే.

“చల్లారనీ.” ఎంతసేపు? గాజు దగ్గర వేడి తెలియనంత వరకు. ఎందుకంటే హాలోజన్ బల్బు వేడిగా ఉండటం దాని దోషం కాదు, ధర్మం. లోపలి టంగ్‌స్టన్ తీగ మండుతూ మండుతూ ఆవిరవుతుంది. ఆ ఆవిరిని అయొడిన్, బ్రోమిన్ వంటి హాలోజన్ పట్టుకుని మళ్ళీ తీగ మీదికే చేరుస్తుంది. గాజు సుమారు 250 డిగ్రీలకు పైన ఉంటేనే ఈ రాకపోకలు సాగుతాయి. అయితే తిరిగి వచ్చిన టంగ్‌స్టన్ బయల్దేరిన చోటికే రాదు, వేరేచోట వాలుతుంది. పునర్జన్మ ఉంది, అదే ఇల్లు దొరకదు. అందుకే తీగ ఎక్కడో ఒకచోట సన్నబడి తెగుతుంది. లోపలి వాయువు ఒత్తిడి మీద ఉంటుంది కనుక కళ్ళజోడు ఉన్నవారు పెట్టుకోవడం శ్రేయస్కరం.

“చెయ్యి తగలనీకు.” ఇక్కడ చెయ్యి అంటే వేళ్ళ జిడ్డు అని గ్రహించాలి. క్వార్ట్జ్ గాజు మీద జిడ్డు అంటిన చోట మిగతా గాజు కన్నా వేడి పెరుగుతుంది, అక్కడే గాజు చెడుతుంది. లోహపు మొదలు పట్టుకోవచ్చు, గాజును గుడ్డతో కూడా నొక్కి పట్టరాదు. పొరపాటున తగిలితే స్పిరిట్‌తో తుడవాలి. మధ్యాహ్నం పప్పులో ఆవకాయ కలుపుకున్న చేత్తో సాయంత్రం బల్బు మార్చబోయేవారికి ఈ పాదం ప్రత్యేకంగా ఉద్దేశించబడింది.

“చెవి చూసి కూర్చోబెట్టు.” సూత్రంలోని ప్రాణమంతా ఈ పాదంలోనే ఉంది. హెచ్‌4 బల్బు మొదలుకు మూడు చెవులు, వాటిలో ఒకటి మిగతావాటికన్నా వెడల్పు. ఆ చెవి దాని గాడిలో పడితేనే బల్బు కూర్చుంటుంది. తర్వాత స్ప్రింగు క్లిప్పు, దాని మీద రబ్బరు బూటు, ఆపైన హోల్డరు. ఇంత పట్టుదల దేనికి? బల్బు లోపల రెండు తీగలుంటాయి, ఒకటి బ్రైటుకు, ఒకటి డిమ్ముకు. డిమ్ము తీగ కింద ఒక చిన్న లోహపు దొప్ప ఉంటుంది. ఆ దొప్ప లేకపోతే రిఫ్లెక్టరు కింది సగానికి తగిలిన వెలుగు పైకి లేచి ఎదుటివాడి కళ్ళలో పడుతుంది. 1971లో వచ్చిన ఈ హెచ్‌4 ఏర్పాటులో తీగ ఎక్కడ ఉండాలో మిల్లీమీటర్లలో నిర్ణయించి ఉంది. రిఫ్లెక్టరును వంచింది ఆ తీగ ఉండే చోటును బట్టే. చెవి వంకరగా కూర్చుంటే రిఫ్లెక్టరు కొన్న డబ్బు దండగ.

పూర్వపక్షం. “60/55 వాట్లు ఎందుకండీ, 100/90 వేసేయండి” అని దుకాణదారు. సమాధానం: 12 వోల్టుల మీద 60 వాట్లంటే 5 ఆంపియర్లు, 100 అంటే 8 దాటుతుంది. రెండు దీపాలకు కలిపి 10 మోసే తీగా స్విచ్చూ 16 పైచిలుకు మోయాలి. హోల్డరు కరుగుతుంది, రిఫ్లెక్టరు పూత మాడుతుంది. రిలే, లావు తీగ వేస్తే కరగదు కదా అంటారా? కరగదు, మీకు కరెంటు చాలుతుంది. ఎదుటివాడికి కళ్ళే చాలవు.

మరొక పూర్వపక్షం. “హాలోజన్ తీసేసి అదే గాడిలో ఎల్‌ఈడీ పెట్టుకుంటే పాలలాంటి వెలుగు.” వెలుగు వస్తుంది, ఎక్కడికి పోతుందన్నదే ప్రశ్న. ఎల్‌ఈడీ చిప్పులు ఒక పలక మీద రెండు పక్కలా ఉంటాయి. రిఫ్లెక్టరు ఎదురుచూసేదేమో సన్నని తీగను. నాగాయలంక నుంచి పడవెక్కి మడ అడవుల మధ్య లైట్‌హౌస్ చూడబోయేవారు ఈ సంగతి ఆలోచించవచ్చు. 1823లో ఫ్రాన్సులో కోర్దువాన్ లైట్‌హౌస్‌కు భౌతికశాస్త్రవేత్త ఫ్రెనెల్ తన కటకాన్ని అమర్చినప్పుడు లోపల ఉన్నది నూనె దీపమే. గాజును మలచిన తీరుతో, దీపాన్ని సరిగ్గా నాభిలో ఉంచడంతో ఆ నూనె దీపం వెలుగు సముద్రం మీద దూరదూరాలకు పోయింది.

ప్రమాణం. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 106వది ఇలా విధిస్తుంది: దీపానికి 8 మీటర్ల దూరంలో, కుడి అంచుకు అర మీటరు పక్కన, నేల నుంచి 1.5 మీటర్ల ఎత్తున కన్ను ఉన్న మనిషికి కళ్ళు చెదరకూడదు. నియమకర్త ఈ కన్నును గాలిలోంచి తేలేదు. కరకట్ట మీద సైకిలు తొక్కుకుంటూ ఎదురొచ్చే రొయ్యల చెరువు కాపలాదారు కన్ను ఇంచుమించు ఆ ఎత్తులోనే ఉంటుంది. మరి పంటకోతల వేళ తెల్లవారుజామున మంచు పడితే బ్రైటు వేసినవాడికే తెల్లగోడ ఎదురవుతుంది. డిమ్ము వేసి నెమ్మదిగా పోవడమే.

“గోడ మీద గీత చూడు.” గుడివాడ ప్రతిలో ఈ పాదం లేదు. అందుకే అక్కడి కార్లు కొన్ని కొబ్బరి చెట్ల తలలకు వెలుగిస్తూ పోతాయి. చదునైన నేల మీద గోడకెదురుగా కారు నిలపాలి. డెల్టాలో చదునైన నేలకు కరువేముంది! దీపం మధ్య ఎత్తు ఎంతో గోడ మీద సుద్దతో గీయాలి. డిమ్ము వెలుగు పై అంచు, మీటరు దూరానికి సెంటీమీటరు చొప్పున, ఆ గీత కన్నా కిందుండాలి. 5 మీటర్లకు 5 సెంటీమీటర్లు. ఎడమవైపు ఆ అంచు 15 డిగ్రీల వాలుతో పైకి లేస్తుంది. అది దోషం కాదు, కాలవగట్టు కనపడటానికి చేసిన ఏర్పాటు. డిక్కీలో రెండు బియ్యం బస్తాలు వేస్తే ముందు భాగం లేచి ఈ లెక్కంతా తప్పుతుంది. దానికోసమే చాలా కార్లలో స్టీరింగు దగ్గర 0 నుంచి 3 వరకు అంకెలున్న చిన్న చక్రం ఉంటుంది. దాన్ని తిప్పినవారిని ఈ టీకాకారుడు చూడలేదు.

విశేషం. మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని కావ్యవ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ప్రతిజ్ఞ. బల్బు పెట్టెలకు రాసేవారికి ఆ ప్రతిజ్ఞ చేరలేదు. “130 శాతం అధిక కాంతి” అని పెద్ద అక్షరాలు, చట్టం అడిగే కనీసంతో పోల్చి అని చీమంత అక్షరాలు. నిజానికి వెలుగు తగ్గడానికి కారణం తరచు బల్బే కాదు. సముద్రపు ఉప్పుగాలికి ఎర్త్ కనెక్షను చిలుము పట్టి వోల్టేజి పదో వంతు తగ్గితే, హాలోజన్ వెలుగు దాదాపు మూడో వంతు పోతుంది. ఒక గరుకు కాగితం ముక్కతో గీకితే అదంతా తిరిగి వస్తుంది. ఎండకు పసుపెక్కి మసకబారిన ముందు ప్లాస్టిక్కును నీటి గరుకు కాగితంతో రుద్ది పాలిష్ పట్టడం మరొకటి. ఇంట్లో చేసే అప్‌గ్రేడులలో ఈ రెంటినీ మించినవి లేవు, కాకపోతే వీటిని చూపించి పొరుగువారి దగ్గర గొప్పలు పోవడం కష్టం.

అనుబంధం. ఒక బల్బు పోతే రెండూ మార్చాలి, రెండోదాని వయసూ అంతే కనుక. ఇంకా వెలుగుతున్న పాతదాన్ని పారేయక, కొత్తదాని పెట్టెలోనే పెట్టి డాష్‌బోర్డు అరలో ఉంచాలి. పులిగడ్డ వంతెన దాటాక రాత్రిపూట బల్బు కొట్టు తెరిచి ఉంటుందన్న నమ్మకం లేదు.