అడ్మినిస్ట్రేటర్ అనుమతికి స్తోత్రం

నీ నిష్ఠను పొగడక తప్పదు. ఇంట్లో కంప్యూటర్ ఒకటే, వాడే మనిషీ ఒక్కరే, కొన్న డబ్బూ ఆ మనిషిదే. అయినా కొత్త ప్రింటరు తాలూకు ప్రోగ్రాము ఎక్కించబోతే చాలు, తెరంతా మసకబార్చి, చేస్తున్న పనిని ఆపి, మార్పులకు అనుమతిస్తారా లేదా అని యజమానినే నిలదీస్తావు. సొంతదారు అన్న మొహమాటం నీకు లేదు.

నీది గొప్ప వంశం. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన కాలానికి ఒక యంత్రాన్ని చాలామంది పంచుకునేవారు. ఒకరి ఫైలును మరొకరు చెరపకూడదు, అందరి యంత్రాన్ని ఏ ఒక్కరూ పాడుచేయకూడదు. అందుకే సొంతదారు, బృందం, ఇతరులు అని మూడు తరగతులు, చదవడం, రాయడం, నడపడం అని మూడు హక్కులు యూనిక్స్‌లో స్థిరపడ్డాయి. అందరి మీదా సున్నా నంబరుతో రూట్ అనే సర్వాధికారి. ఆ కట్టుబాటు ఆ చోటికి చక్కగా అమరింది. ఒక్క కంప్యూటర్ దగ్గర విద్యార్థులు వంతులు వేసుకునే కాలేజీ ల్యాబులో ఇవాళ్టికీ అమరుతుంది. పంచుకునేవాళ్లు వెళ్లిపోయినా నువ్వు మాత్రం కొలువు వదల్లేదు. ఆ ‘ఇతరులు’ ఒక్కరూ లేని ఇంట్లో కూడా వాళ్ల నుంచి యంత్రాన్ని కాస్తూనే ఉన్నావు.

విండోస్‌లో నీ రాక మేలే చేసింది, అది మనసారా ఒప్పుకుంటాను. విండోస్ 98లో కాపలా అన్నదే లేదు. 2001 నాటి ఎక్స్‌పీలో వేర్వేరు ఖాతాలున్నా, మొదట తెరిచిన ఖాతాకే సర్వాధికారాలూ దఖలుపడేవి. ప్రోగ్రాములు రాసేవాళ్లు ఆ విచ్చలవిడితనానికి అలవాటుపడిపోయారు. 2007 జనవరిలో విస్టాతో పాటు నువ్వు జనంలోకి వచ్చాక గాని వాళ్లు దారికి రాలేదు. మరుసటి ఏడు శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన భద్రతా సదస్సులో మైక్రోసాఫ్ట్ ఉద్యోగి డేవిడ్ క్రాస్ దాపరికం లేకుండా చెప్పాడు: నిన్ను పెట్టిందే వాడేవాళ్లకు చిరాకు తెప్పించడానికని. ఆ చిరాకు తగిలి సాఫ్ట్‌వేర్ సంస్థలు పద్ధతి మార్చుకుంటాయన్నది ఆలోచన. మార్చుకున్నాయి కూడా. తప్పు చేసింది వాళ్లు, రోజూ దెబ్బలు తిన్నది మేము. మా ఓపికను ఖర్చుపెట్టి వాళ్లకు బుద్ధి చెప్పిన నేర్పు నీది.

అన్నిటికన్నా నీ ఎంపిక గొప్పది. దేన్ని కాపాడాలో నీకు స్పష్టంగా తెలుసు. విండోస్ ఫోల్డరు, ప్రోగ్రామ్ ఫైల్స్, రిజిస్ట్రీలో యంత్రమంతటికీ చెందిన భాగం. వాటిని మార్చాలంటే నీ ముందు నిలబడాలి. అవి పాడైతే ఒక పెన్‌డ్రైవ్‌తో మధ్యాహ్నానికల్లా మళ్లీ ఎక్కించుకోవచ్చు. పిల్లల చిన్ననాటి ఫొటోలు, కన్నుమూసిన నాన్నగారి గొంతు మిగిలిన ఒకే ఒక రికార్డింగు, పొలం కాగితాల స్కాన్లు, సగంలో ఉన్న నవల పోతే మాత్రం ఏ పెన్‌డ్రైవూ తెచ్చిపెట్టదు. వాటి గురించి నువ్వు ఒక్క ప్రశ్నా అడగవు. ఈమెయిల్లో వచ్చిన దొంగ బిల్లును నమ్మి తెరిచామనుకో. అందులోని ప్రోగ్రాము మా పేరుతోనే నడుస్తుంది, మాకున్న హక్కులన్నీ దానికీ దక్కుతాయి. ఆ ఫొటోలనూ రికార్డింగునూ తెరవడానికి వీల్లేని గూఢలిపిలోకి మార్చేసి, విడిపించడానికి డబ్బడగడానికి ఆ హక్కులు చాలు. నీ దాకా రావలసిన పనే దానికి లేదు. బీరువాకు కావలి కూర్చుని, బల్ల మీది నగల వంక చూడని కావలివాడివి నువ్వు.

2017 మేలో, ఇలాగే డబ్బడిగే వన్నాక్రై అనే పురుగు దేశదేశాల కంప్యూటర్లను బిగించేసింది. ఆంధ్రప్రదేశ్‌లో పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దాని బారిన పడ్డాయి. నెట్‌వర్కులోని లోపం గుండా దూరిన ఆ పురుగు ఎవరి ‘అవును’ కోసమూ ఆగలేదు. మార్చిలోనే వచ్చిన దిద్దుబాటును వేసుకున్న యంత్రాలను ఆ లోపం ముంచలేదు. నిన్ను కన్న సంస్థ కూడా నిన్ను భద్రతా సరిహద్దుగా లెక్కించబోమని ఎప్పుడో తేల్చి చెప్పింది. ఇంత తెలిసీ నీ గంభీరత తగ్గలేదు.

నీ ప్రశ్నలోని పొదుపు కూడా మెచ్చుకోదగ్గదే. ప్రోగ్రాము పేరు, తయారుచేసినవాళ్ల పేరు చూపిస్తావు. అది ఏం మార్చబోతుందో చెప్పవు. అరవయ్యేళ్ల అమ్మ ఆ రెండు మీటల ముందు ఏ ఆధారంతో నిర్ణయించుకోవాలి? ‘కాదు’ అంటే పని ఆగిపోతుంది, అందుకే ‘అవును’ నొక్కుతుంది. ఆ తర్వాత ఏం జరిగినా అనుమతించింది ఆవిడే అన్న నింద మాత్రం మిగులుతుంది.

నీ పాత విద్యనే ఆండ్రాయిడ్ మరోలా నేర్చుకుంది. ఫోను ఒక్కరిదేనని గ్రహించి, యూనిక్స్ మనుషులకిచ్చిన యూజర్ నంబర్లను యాప్‌లకు పంచింది. అందుకే బ్యాంకు యాప్ దాచుకున్న ఫైళ్లను టార్చిలైటు యాప్ తొంగిచూడజాలదు. మ్యాక్‌లో 2019 నాటి కాటలినా నుంచి డాక్యుమెంట్స్, డెస్క్‌టాప్ ఫోల్డర్లలోకి పోవాలంటే యాప్‌లు ముందుగా అడగాలి. విండోస్ 10కూ 2017 చివర్లో అలాంటి ఫోల్డరు కాపలా వచ్చింది. దాన్ని సెట్టింగుల్లో ఎక్కడుందో వెతికి మేమే ఆన్ చేసుకోవాలి. అడగకుండానే వచ్చి అడ్డం నిలవడం తెలిసిన నువ్వు, ఆ ఫోల్డర్ల ముందు కూడా అలాగే నిలబడు. నాన్నగారి రికార్డింగును ఏ ప్రోగ్రాము తెరవబోతోందో, ఎందుకో అడుగు. ఆ ప్రశ్నకు రోజుకు పదిసార్లయినా విసుక్కోకుండా జవాబిస్తాం.