మిగులు కరెంటు చాటువు: టీకా తాత్పర్యం

మూలం (ఆ.వె.)

ఎండ మెండుగుండె నింటిపై పలకల
మీటరేమొ వెనుక మెల్లఁ దిరిగె
గీజరిపుడె వేయఁ గిర్రున నీళ్లెల్ల
కాగు నుచితముగను కడప నాట

అవతారిక: ప్రొద్దుటూరులో ఒకానొక కోడలు మిట్టమధ్యాహ్నం గీజరు స్విచ్చి నొక్కింది. అత్త చూసి, "ఏమ్మే, ఈ యాళప్పుడు గీజరేంది? బిల్లెవురు గడ్తారు?" అని ఆక్షేపించింది. అప్పుడు కోడలు చెప్పిన సమాధానమే ఈ పద్యం.

ప్రతిపదార్థం: ఇంటిపై పలకల = మిద్దె మీది సోలార్ పలకలయందు (ఇవి 3 కిలోవాట్లవి; 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకం కింద 78,000 రూపాయల సబ్సిడీతో బిగించినవని గ్రహించాలి); ఎండ = సూర్యరశ్మి; మెండుగుండె = ఇంటి వాడకానికి మించి ఉన్నది (ఈ సంధికి వ్యాకరణం ఒప్పదు, గణాలు ఒప్పాయి); మీటరేమొ = ఎస్పీడీసీఎల్ వారి నెట్ మీటరైతే; వెనుక మెల్లఁ దిరిగె = మెల్లగా వెనక్కి తిరిగింది; ఇపుడె = తెల్లవారుజామున కాక ఈ మధ్యాహ్నమే; గీజరు = 25 లీటర్ల గీజరును; వేయన్ = వేయగా; నీళ్లెల్ల = బోరు నీళ్లన్నీ; గిర్రున = అరగంటలో; కడప నాట = కడప దేశమందు; ఉచితముగను = ఈ పదంపై వివాదం ఉంది, ముందు చూడండి; కాగున్ = వేడెక్కును.

తాత్పర్యం: పలకల కరెంటు మిగిలిన వేళ గీజరు వేసుకుంటే ఆ మిగులు వేడి నీళ్లుగా ఇంట్లోనే నిలవుంటుందని భావం.

విశేషాలు: "వెనుక మెల్లఁ దిరిగె" అన్నది కవిసమయం. వెనక్కి తిరగడానికి నెట్ మీటరులో చక్రమే లేదు. తీసుకున్న యూనిట్లు ఒక లెక్క, ఇచ్చినవి మరో లెక్క. చకోరం వెన్నెల తాగగా లేనిది మీటరు వెనక్కి తిరిగితే తప్పేమిటని రసజ్ఞులు ఊరుకున్నారు.

"ఉచితముగను" దగ్గర వ్యాఖ్యాతలు మూడు శాఖలైనారు.

ప్రొద్దుటూరు శాఖ బంగారం తూచిన చేతుల శాఖ. దాని వాదం: 25 లీటర్ల నీళ్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే సుమారు 1 యూనిట్టు పడుతుంది. ఆ యూనిట్టును కాల్చకుండా లైనుకు పంపితే బిల్లులో యూనిట్టుకు యూనిట్టు తరుగుతుంది. మధ్యాహ్నం కాచినా తెల్లారి కాచినా బిల్లు ఒక్కటే అయినప్పుడు ఉచితమెక్కడిది?

జమ్మలమడుగు శాఖ ఎండకు రేటు కట్టడం చూసిన శాఖ. పక్కనే మైలవరం మండలంలోని సోలార్ పార్కుకు 2017లో వేలం జరిగితే 250 మెగావాట్లకు యూనిట్టు 3 రూపాయల 15 పైసలు పలికింది. ఇటు ముద్దనూరు దగ్గర 1,650 మెగావాట్ల థర్మల్ కేంద్రం బొగ్గు మండిస్తుంది. పొద్దు పొడవకముందు వేసిన గీజరుకు ఎండ కరెంటు దొరకదు, బొగ్గే దిక్కు. మధ్యాహ్నం వేసినదానికి ఎండ చాలు. కనుక ఇక్కడ ఉచితమంటే ఊరకే వచ్చేదని కాదు, తగినదని అర్థం.

పులివెందుల శాఖ చీనీతోటల శాఖ. అది "నీళ్లెల్ల" దగ్గరే ఆగింది. బోరు ఎండిన ఏడు కాచేందుకు నీళ్లేవి? మిగులు కరెంటుతో ముందు మోటారేసి మిద్దె మీది ట్యాంకు నింపుకోండి, గీజరు సంగతి తర్వాత అంటుంది.

పూర్వపక్షం: ఎండతో నేరుగా నీళ్లు కాచే గొట్టాల హీటరుండగా ఎండను కరెంటు చేసి, కరెంటును మళ్లీ వేడి చేయడం దేనికి? పలక ఎండలో ఐదో వంతునే పట్టుకుంటుంది, గొట్టాలు సగం దాకా పట్టుకుంటాయి గదా? సమాధానం: నీళ్లు కాగినాక గొట్టాలకు వేరే పని లేదు. పలకలు ఫ్యాను తిప్పుతాయి, గ్రైండరు తిప్పుతాయి, మిగిలితేనే నీళ్లు కాస్తాయి.

అలంకారం: విరోధాభాసం. ఎండ మెండైన కడపలో వేడి నీళ్లెవరికి? మే నెలలో ట్యాంకు నీళ్లే ఒళ్లు కాలుస్తాయి, ఏసీ ఉన్న కరెంటంతా తినేస్తుంది. పరిహారం: పద్యంలోని కాలం మార్గశిర, పుష్యమాసాలు. ఫ్యాన్లు ఆగి మిగులు పెరిగేదీ, వేడి నీళ్లు కావలసిందీ అప్పుడే.

మతాంతరం: బ్రిటన్‌లో లైనుకు పోయే మిగులును కొలిచి, అంతమేరకే హీటరుకు మళ్లించే పెట్టెలు అమ్ముతారు. మబ్బు కమ్మి 800 వాట్లే మిగిలితే హీటరుకూ 800 వాట్లే అందుతాయి. మన గీజరుకా నేర్పు లేదు. 2,000 వాట్లదైతే తక్కినవి లైను నుంచి లాగుతుంది. అక్కడ లైనుకిచ్చే యూనిట్టుకు వచ్చేది తక్కువ, కొనే యూనిట్టుకు పోసేది ఎక్కువ. అందుకే ఆ పెట్టెకు గిరాకీ.

ఫలశ్రుతి: నెట్ మీటరున్నవారు ఆ పెట్టె కోసం డబ్బు పెట్టనక్కరలేదు. నెట్ మీటరు లేక, మిగులు లైనుకు పంపే దారి లేనివారికే దానితో లాభం. లైను పోతే ఎంత ఎండ ఉన్నా మామూలు సోలార్ ఇన్వర్టరూ ఆగిపోతుంది, ఆ పూట ఎవరికైనా కట్టెల పొయ్యే గతి. చలికాలంలో సాయంత్రం పని నుంచి వచ్చి నీళ్లు పోసుకునే ఇళ్లవారు మాత్రం మధ్యాహ్నమే గీజరు వేయండి. బిల్లు తగ్గకపోవచ్చు, బొగ్గు తగ్గుతుంది.