సంఘం కోసం ఏమీ అడగకండి

గంభీరావుపేట, సిరిసిల్ల, కోరుట్ల వైపు చిన్న చిన్న సంఘాలు నడిపే పాస్టర్లకూ సంఘపెద్దలకూ ఈ సలహాలు. విన్నవాళ్లు వీటిని తిక్క సలహాలంటారు. లోకం లెక్కన అంతే కావచ్చు. బైబిల్లో ఉన్నది ఉన్నట్టు నమ్ముతామని చెప్పుకునే మనం, ఓట్ల దగ్గరికి వచ్చేసరికి అందరిలాగే బేరాలాడుతున్నాం. నా బాధంతా అదే.

ముందు మందిరం ప్రహరీగోడ సంగతి. 2025 డిసెంబరు 11, 14, 17 తేదీల్లో తెలంగాణలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. సరిగ్గా సెమీ క్రిస్మస్ కూడికల రోజులు. ఇలాంటప్పుడు అభ్యర్థి కేకు కోయడానికి వస్తానంటాడు, బోరు వేయిస్తానంటాడు, గోడకు సిమెంటు పంపుతానంటాడు. వద్దనండి. గోడ లేకపోతే మందిరంలోకి మేకలొస్తాయి, అంతకుమించి మునిగేదేమీ లేదు. మనిషిని మాత్రం వెళ్లగొట్టకండి. అందరితోపాటు చాప మీద కూర్చోబెట్టండి, వాక్యం విననివ్వండి, కడుపునిండా అన్నం పెట్టండి. మైకు ఇవ్వకండి. తనకోసం ప్రార్థన చేయమంటే పోటీలో ఉన్న అందరి పేర్లూ పలికి చేయండి. ‘మా సంఘంలో ఇన్ని ఓట్లున్నాయి’ అనే మాట మీ నోట రాకూడదు. ఓటు విశ్వాసిది, దాన్ని లెక్కగట్టి చూపించే హక్కు పాస్టరుకు ఎవరూ ఇవ్వలేదు. ప్రార్థనాస్థలాన్ని రాజకీయ పనులకు వాడితే జైలుశిక్ష వేయొచ్చని 1988 నాటి చట్టం ఒకటి చెబుతోంది. ఆ చట్టం లేకున్నా నేను ఇదే చెప్పేవాణ్ణి.

అడగకపోతే మన గోడు ఎవరు వింటారని అంటారు. దోర్నకల్ బిషప్ అజరయ్యను గుర్తు చేసుకోండి. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల, మాదిగ కూలీలు. 1932లో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డులో క్రైస్తవులకు వేరే నియోజకవర్గాలు ఇస్తానంటే ఆయన వద్దన్నాడు. సంఘం ఓట్ల గుంపుగా మారితే సంఘంగా మిగలదని ఆయన భయం. 1949లో రాజ్యాంగ సభ మైనారిటీల రిజర్వుడు సీట్లు తీసేసినప్పుడు హరేంద్ర కుమార్ ముఖర్జీలాంటి క్రైస్తవ నాయకులు దానికి ఒప్పుకున్నారు. అంత పెద్ద హక్కునే వదులుకున్నవాళ్ల వెనక వచ్చిన మనం బోరుబావి దగ్గర ఆగిపోతున్నాం.

సర్కారు సొమ్ము విషయమూ అంతే. ఆంధ్రలో గత ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఇచ్చింది. మనవైపు అలాంటిది వచ్చినా చేయి చాచకండి. బీడీలు చుట్టే అక్క, సాంచాల మీద రాత్రి షిఫ్టు చేసే తమ్ముడు ఇచ్చే కానుకతోనే పాస్టరు ఇల్లు గడవాలి. గడవకపోతే పాస్టరు కూడా పనికి పోవాలి. పౌలు డేరాలు కుట్టాడు. ఒంటరి ముసలమ్మ సర్కారు క్రిస్మస్ గిఫ్టు ప్యాకెట్టు తెచ్చుకుంటే ఆమెను ఒక్క మాట అనకండి. ఆ పంపకం మాత్రం మందిరంలో పెట్టనివ్వకండి.

పండుగల దగ్గర మన నమ్మకం గట్టిగానే ఉండాలి. బతుకమ్మ ఆడకపోతే ఆడకండి, ప్రసాదం తినకపోతే తినకండి. దాన్ని వీడియో తీసి పెట్టకండి, పక్కింటివాళ్ల దేవుణ్ణి మైకులో తిట్టకండి. బొడ్రాయి చందా ఇవ్వలేమని పెద్దమనుషులకు ఎదురుగా కూర్చుని చెప్పి, అంతే డబ్బు ఊరి బడికి ఇచ్చి రండి. తిరుమలలో అన్యమత ప్రచారాన్ని నిషేధిస్తూ 2007లో చట్టం తెచ్చింది క్రైస్తవుడైన రాజశేఖరరెడ్డి ప్రభుత్వమే. ఆ మర్యాద మనమూ పాటిద్దాం: వేములవాడ గుడిలో కోడె మొక్కు చెల్లించడానికి వరుసలో నిలబడ్డవాళ్ల చేతిలో కరపత్రం పెట్టకండి.

అమెరికా ప్రసంగీకుల వీడియోలు చూసి అక్కడి కొట్లాటలు ఇక్కడికి తేవద్దు. అక్కడి పాస్టరు జెర్రీ ఫాల్వెల్ 1979లో మోరల్ మెజారిటీ అనే రాజకీయ సంస్థను పెట్టి పదేళ్లకు మూసేశాడు, ఆ తోవ మాత్రం మూతపడలేదు. 2022లో అక్కడి సుప్రీంకోర్టు గర్భస్రావ హక్కును కొట్టేసింది. గర్భస్రావం పాపమనే నేనూ నమ్ముతాను. అందుకే మీరు తీర్పుల కోసం చూడకుండా, మూడోసారీ ఆడపిల్లే పుట్టిన ఇంటికి ముందుగా వెళ్లండి. బాలింతకు పథ్యం వండిపెట్టండి.

ఇక అందరికీ కోపం తెప్పించే సలహా. ఆదివారం బాప్తిస్మం గురించి చెప్పి, సోమవారం తహసీల్ ఆఫీసులో కులం సర్టిఫికెట్టు మీద హిందూ అని రాయించకండి. ఎందుకు రాయిస్తారో నాకు తెలుసు. 1950 ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులనూ 1990లో బౌద్ధులనూ చేర్చారు. మనల్ని చేర్చలేదు. ఊళ్లో కులం అలాగే ఉంటుంది, కాగితం మీద మాత్రం పోతుంది. మిగిలేది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషను. ఇది అన్యాయం. దీనిమీద సుప్రీంకోర్టులో 2004 నుంచీ కేసు ఉంది, 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. ఇక్కడ మాత్రం ఎలుగెత్తి అడగండి. న్యాయం అడగడం, గోడకు సిమెంటు అడగడం ఒకటి కాదు. అడిగేవాడి చేతిలో అబద్ధపు కాగితం ఉండకూడదు.

పిల్లకు సీటు పోతుంది, ఉద్యోగం పోతుంది. తెలిసే చెబుతున్నా. కాబట్టి ఈ మాట బోధించే పాస్టరు ముందు తన బిడ్డ కాగితంతో మొదలుపెట్టాలి. ఎదుటివాళ్ల కాగితంలో ఏముందో ఆరా తీయకూడదు, ఎవరికీ ఉప్పందించకూడదు. నిజం రాసి సీటు పోగొట్టుకున్న పిల్ల ఫీజు సంఘమే కట్టాలి, మందిరం స్లాబు ఆపి అయినా సరే. రసీదు లెక్కల పుస్తకంలో పెట్టండి. ఆ పిల్ల పేరు మాత్రం ఆదివారం మైకులో చదవకండి.