మా కరెంటు దుప్పట్లు మాకిప్పించండి

గౌరవనీయులైన స్టేషన్ హౌస్ ఆఫీసర్ గారికి,

హైదరాబాదులో ఒక చిన్న మోటారు సైకిల్ రేసింగ్ టీముకు మెకానిక్కుగా పనిచేసే వాడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

అయ్యా, మీ పేరు, మీ ఊరి పేరు ఇందులో రాయడం లేదు. హైదరాబాదు నుంచి చెన్నై పోయే దారిలో ఎన్ని స్టేషన్లున్నాయో అందరూ ఇది తమ గురించేనేమో అనుకుని ఒకసారి వెనక ఆవరణలోకి తొంగిచూస్తే అదీ ఒక మేలే.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకుంటాను. శ్రీపెరుంబుదూరు పక్కన ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌లో జాతీయ ఛాంపియన్‌షిప్ రేసుకు బయల్దేరిన మేము దారిలో ఒక లాడ్జి దగ్గర ఆగాం. తెల్లారి లేచి చూస్తే కింద టెంపో లేదు. లోపల రెండు రేసు బళ్లు, వాటితో పాటు మా టీము ఆస్తి మొత్తం. మీ క్రైమ్ పార్టీ కానిస్టేబుళ్లు నిద్రాహారాలు మానుకుని దాన్ని పట్టుకున్నారు. అందులో వంక పెట్టేదేమీ లేదు.

దొంగలు కూడా కాస్త సాయం చేశారనుకోండి. రేసు బండికి ట్రాన్స్‌పాండర్ అని చిన్న డబ్బా ఒకటి బిగిస్తాం. బండి ఫినిష్ లైన్ దాటేటప్పుడు ట్రాక్ కింద పాతిన తీగ దాన్ని గుర్తుపడుతుంది, సెకనులో వెయ్యోవంతు దాకా టైము లెక్కకడుతుంది. అంతకుమించి దానికి ఏ విద్యా రాదు. దొంగలు దాన్ని జీపీఎస్ అనుకుని పీకి కాలువలో పారేశారు. అద్దానికి అతికించిన ఫాస్టాగ్‌ను మాత్రం ముట్టుకోలేదు. టోల్ గేటు దాటిన ప్రతిసారీ డబ్బు మా ఖాతాలోంచి పోయేది, మెసేజ్ మా మేనేజరు ఫోనుకు వచ్చేది. మా టెంపోను మా ఖర్చు మీదే ఎత్తుకుపోతున్నారని గేటు గేటుకీ మాకు కబురు అందుతూ వచ్చింది.

ఇక ఫిర్యాదు రాసుకున్న మీ రైటర్ గారి సంగతి. ఆయన ఓపికకు దణ్ణం పెట్టాలి. మొదటి ప్రశ్న, బండి నంబరెంత? 27 అన్నాను. ముందు టీఎస్సా, టీజీయా, ఏపీయా అన్నారు. ఏదీ లేదండీ, ఉత్త 27, అది రేసులో మా కుర్రాడి నంబరు అన్నాను. ఆర్‌సీ చూపించమన్నారు. రోడ్డు మీద తిరగని బండికి రిజిస్ట్రేషన్ ఉండదండీ, కొన్న బిల్లుంది, ఛాసిస్ నంబరుంది అన్నాను. నంబరు ప్లేటు లేదు, హెడ్‌లైటు లేదు, అద్దాలు లేవు, హారన్ లేదు, చివరికి సైడు స్టాండు కూడా లేదని నా నోటితోనే చెప్పించుకుని, పెన్ను కింద పెట్టి నా వంక చూశారు. ఇన్ని లేనిదాన్ని ఎవరైనా ఎత్తుకుపోతే అది దొంగతనం కిందికి వస్తుందా అని ఆయనకు నిజంగానే ధర్మసందేహం కలిగింది. చర ఆస్తి ఏదైనా, యజమాని ఒప్పుకోకుండా దురుద్దేశంతో కదిలిస్తే దొంగతనమేనని, భారతీయ న్యాయ సంహిత 303లో ఆర్‌సీ ఊసే లేదని పక్క బల్ల మీది కుర్ర ఎస్సై గారు చెప్పి మమ్మల్ని గట్టెక్కించారు. ఆయనకు ఈ లేఖ ద్వారా కృతజ్ఞతలు.

తర్వాత సామాన్ల జాబితా. టైర్ వార్మర్లు అన్నాను. స్లిక్ టైరు చల్లగా ఉంటే ట్రాక్‌ను పట్టదు, మొదటి మలుపులోనే మనిషిని పడేస్తుంది. అందుకని రేసుకు ముందు ఒక్కో చక్రానికీ ఒక్కో వార్మర్ చుట్టి, జనరేటరుకు కలిపి, దాదాపు 80 డిగ్రీల దాకా వేడెక్కిస్తాం. ఇదంతా విన్నాక ఆయన ‘కరెంటు దుప్పట్లు, నాలుగు’ అని రాసుకున్నారు. రైడరు వేసుకునే లెదర్ సూటు ‘తోలు చొక్కా, ప్యాంటు, కలిపి కుట్టినవి, వీపున గూని ఉన్నది’ అయింది. ఆ గూని గాలి సాఫీగా జారిపోవడానికి పెట్టిందే గానీ మా కుర్రాడికి గూని లేదని చెప్పుకోవాల్సి వచ్చింది. ఆయిలు బోల్టు వదులై ట్రాక్ మీద నూనె కారితే వెనక వచ్చేవాళ్ల ప్రాణాల మీదికి వస్తుంది. అందుకే బోల్టుకు రంధ్రం చేసి స్టీలు తీగతో కట్టాలని రేసు రూల్సులోనే ఉంటుంది. సొత్తు దొరికాక రాసిన పంచనామాలో ఆ సంగతి ‘బోల్టులకు తీగలు చుట్టి ఉన్నవి, రిపేరులో ఉన్నట్టు తోచుచున్నది’ అని దిగింది.

అన్నిటికన్నా నన్ను కుంగదీసింది టైర్ల పద్దు. స్లిక్ టైరుకు గాళ్లు ఉండవు. నున్నగా ఉంటేనే ఎక్కువ రబ్బరు నేలకు ఆనుతుంది, పట్టు పెరుగుతుంది. గాళ్లున్నవి వాన పడినప్పుడు వాడే టైర్లు. రైటర్ గారు వాన టైర్లను ‘కొత్తవి’ అని, అప్పుడే కవరు విప్పిన స్లిక్కులను ‘పూర్తిగా అరిగినవి, విలువ శూన్యం’ అని రాశారు. ఇందులో ఆయన ఒంటరి కాదు. విచారణలో తేలిందేమిటంటే, దొంగలు ఆ స్లిక్కులను పాత సామాన్ల కొట్టుకు తీసుకుపోతే కొట్టువాడూ ఇదే మాట అని తిప్పి పంపాడట. పాపం దొంగలకు కావాల్సింది టెంపో ఒక్కటే. వెనక తలుపు తీసి చూస్తే కీ పెట్టే చోటు కూడా లేని బళ్లు, అమ్మబోతే కొనేవాడు లేడు, నడుపుదామంటే లైటు లేదు. ‘ఇవి ఎవుడికీ అక్కర్లేదు సార్’ అని మీ ముందు వాపోయాడట అందులో పెద్దవాడు. టీము నడపడానికి స్పాన్సర్ల చుట్టూ తిరిగిన మా మేనేజరుకు ఆ మాట కొత్తేమీ కాదు.

ఆ పైన ప్రెస్ మీట్. షామియానా, తెల్లగుడ్డ పరిచిన బల్ల, దాని మీద వరసగా మా స్పానర్లు, స్ప్రాకెట్లు, హెల్మెట్లు. వెనకాల నల్ల ముసుగుల్లో ఇద్దరు దొంగలు, వాళ్లకు అటూ ఇటూ మీ సిబ్బంది. పక్కన ఎర్రటి ఎండలో మా రెండు బళ్లు. రైటర్ గారి లెక్కలో ముష్టి పడేసినట్టున్న విలువ ప్రెస్ నోటులోకి వచ్చేసరికి లక్షలు లక్షలుగా పెరిగింది. ఏ బ్యాంకులోనూ రాని వడ్డీ. మర్నాడు పేపర్లో ‘రేసింగ్ బైకుల ముఠా గుట్టు రట్టు’ అని చూసి మా కుర్రాడి వాళ్లమ్మ, ముఠా అంటే మేమే అనుకుని, మాకు ఫోన్ చేసి ఏడ్చింది. అది కూడా మీ తప్పని అనడం లేదు.

మీతో అసలు పేచీ ఇక్కడ మొదలవుతుంది. దొరికిన మా సామాను మాకు రాలేదు. అది ఇప్పుడు కేసు ప్రాపర్టీ.

అయ్యా, దొంగల దగ్గర ఉన్నన్నాళ్లూ మా బళ్లు రేకుల షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్నాయి. మీ పంచనామాలోనే ఆ ముక్క ఉంది. చట్టం చేతికి వచ్చాక ఆవరణలో వేప చెట్టు కింద, ఇసుక ట్రాక్టర్లకూ చక్రాల్లేని ఆటోలకూ మధ్య నిలబడ్డాయి. ఎండకు టైరు రబ్బరు గట్టిపడుతుంది, ఇక అది ట్రాక్ మీదికి పనికిరాదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ట్యాంకులో పెట్రోలు పాతబడుతుంది. వైరింగు ఎలుకలకు విందు. పిట్టల రెట్టల గురించి రాయను, అవి దొంగా దొరా చూడవు. ఇన్సూరెన్సు ఉంది కదా అన్నారు ఒక హెడ్డు గారు. మామూలు మోటారు పాలసీలో రేసింగుకు వాడే బండిని ముందే మినహాయిస్తారండీ.

నాకు ఇంకో భయం కూడా ఉంది. మా సైలెన్సర్లు విప్పి గోడ పక్కన పెట్టారు. ఆ పక్కనే చప్పుడు చేసే కుర్రాళ్ల బుల్లెట్ల నుంచి మీరు పీకించిన సైలెన్సర్ల కుప్ప ఉంది. అలాంటి కుప్పలను నడిరోడ్డు మీద పరిచి, కెమెరాల ముందు రోడ్డు రోలరుతో తొక్కించే కార్యక్రమాలు మన నగరాల్లో చూస్తూనే ఉన్నాం. రోలరు వచ్చే రోజున ఎవరైనా కాస్త అత్యుత్సాహం చూపితే మా సంగతేమిటి?

చోరీ సొత్తు దొరకడంలో రకాలున్నాయి. 2014 డిసెంబరులో ఇంగ్లండులోని మిల్టన్ కీన్స్‌లో రెడ్‌బుల్ ఫార్ములా వన్ టీము వాళ్ల ముందు తలుపులను వాహనంతో గుద్ది, లోపలికి దూరి, 60కి పైగా ట్రోఫీలు ఎత్తుకుపోయారు. అందులో ఓ 20 దాకా బెర్క్‌షైర్‌లో శాండ్‌హర్స్ట్ దగ్గరి చెరువులో దొరికాయి, కొన్ని విరిగిపోయి. బాధే. కానీ ట్రోఫీ చెరువులో నానినా గెలిచిన రేసు గెలిచినట్టే ఉంటుంది. మాది ఇంకా పరిగెత్తని రేసు. మాకు దగ్గరి కథ 2015 ఫిబ్రవరి చివర్లో అమెరికాలో జరిగింది. అట్లాంటా దగ్గర ఒక హోటలు ముందు నుంచి టీమ్ ఎక్స్‌ట్రీమ్ అనే చిన్న నాస్కార్ టీము కారును ట్రెయిలరుతో సహా కొట్టేశారు. కారు మర్నాడే రోడ్డు పక్కన దొరికింది. అప్పటికే క్వాలిఫయింగ్ దాటిపోయింది, టీము ఆ ఆదివారం రేసు నుంచి తప్పుకుంది. ముహూర్తం దాటాక దొరికిన మంగళసూత్రం అన్నమాట. అక్కడ ఒక్క రోజు ఆలస్యానికే అంత నష్టం. మా ఛాంపియన్‌షిప్‌లో ఏడాదికి ఉండేదే కొద్ది రౌండ్లు. ఒకటి పోతే ఆ పాయింట్లు మళ్లీ రావు, రెండోది కూడా పోతే మా కుర్రాడికి ఈ ఏడాది లేనట్టే.

చట్టం గురించి మీకు చెప్పేంతటి వాణ్ణి కాదు. ఖాళీగా కూర్చోబెట్టారు గనక చదివాను. 2002లో గుజరాత్ నుంచి వెళ్లిన ఒక కేసులో, వకీళ్లు సుందర్‌భాయి కేసు అంటారు, సుప్రీంకోర్టు ఈ ఆవరణల గురించే మాట్లాడింది. స్వాధీనం చేసుకున్న వాహనాలను స్టేషన్లలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదని, పంచనామా రాసి, ఫొటోలు తీసి, పూచీకత్తు తీసుకుని అప్పగించవచ్చని, సొత్తు స్టేషన్లో పక్షం నుంచి నెలకు మించి ఉండకూడదని చెప్పింది. ఆ కేసు పుట్టింది కూడా పోలీసుల అధీనంలో ఉన్న సొత్తు మాయమైందన్న ఆరోపణ మీదే. మా సొత్తు విషయంలో అలాంటి అనుమానం నాకు లేదు, మా సొత్తు ఎవరికీ అక్కర్లేదని ఇప్పటికే రుజువైంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 497 ఇంకా ముందుకు పోయింది. సొత్తు కోర్టు ముందుకు వచ్చిన 14 రోజుల్లో వివరాల పట్టిక, ఫొటోలు, అక్కరైతే వీడియో కూడా. ఆ తర్వాత 30 రోజుల్లో ఎవరికి ఇవ్వాలో ఉత్తర్వు. రేపు విచారణలో ఆ ఫొటోలే సాక్ష్యంగా చెల్లుతాయి, బండి చెట్టు కింద నిలబడి సాక్ష్యం చెప్పనక్కర్లేదు. మా ఆటలో లాగే చట్టంలోనూ టైము పెట్టారు, ట్రాన్స్‌పాండర్ ఒక్కటే బిగించడం మరిచారు.

ఫొటోలంటే గుర్తొచ్చింది. ప్రెస్ మీట్ రోజున మీ వాళ్లు అన్ని వైపుల నుంచీ తీశారు. ఒక దాంట్లో మీరు 27వ నంబరు బండి ఎక్కి కూర్చున్నారు. సాక్ష్యానికి అంతకన్నా స్పష్టమైన ఫొటో ఉండదు.

మేజిస్ట్రేటు గారి దగ్గర మా పిటిషను పడి ఉంది. స్టేషను నుంచి రిపోర్టు రాలేదని ప్రతి వాయిదాకూ ముందుకు జరుగుతోంది. బందోబస్తులున్నాయి, వీఐపీల రాకపోకలున్నాయి, మీ పని ఒత్తిడి నాకు తెలుసు. అందుకని రైటర్ గారికి శ్రమ లేకుండా ఆ రిపోర్టు నేనే తయారు చేసి జతపరుస్తున్నాను. ఒకటే వాక్యం: ‘పై సొత్తును ఫిర్యాదుదారుకు అప్పగించుటకు ఈ స్టేషనుకు అభ్యంతరము లేదు.’ సంతకం, తేదీ, ముద్ర తమరివి.

ఈలోగా ఒక మనవి. రాత్రి డ్యూటీ సెంట్రీ గారు మా టైర్ వార్మర్లను తలకింద పెట్టుకుని పడుకుంటున్నారని తెలిసింది. మెత్తగానే ఉంటాయి, మాకు అభ్యంతరం లేదు. కానీ చలి వేసిందని వాటి ప్లగ్గు గోడకు పెట్టి కప్పుకోవద్దని చెప్పండి. అవి మనిషి కోసం చేసినవి కావు.

ఇట్లు,
తమ విధేయుడు,
27వ నంబరు బండి మెకానిక్కు

తా.క.: సొత్తు విలువ అన్న గడిలో దయచేసి ప్రెస్ నోటులోని లక్షలు వేయవద్దు. పూచీకత్తు దాన్ని బట్టే అడుగుతారట. రైటర్ గారు మొదట రాసిందే ఉంచండి. అరిగిన టైర్లతో సహా.