సొరుగు పద్యానికి టీకా తాత్పర్యం

పాత సెల్లులన్ని పడవేసి సొరుగులో
తాళచెవులతోడ తాకువేళ
అగ్గిపెట్టె కొరకు నరయంగ బనిలేదు
చెప్ప వినుము నాథ చెవిని బెట్టి

అవతారిక: దసరాకు ఇల్లు దులుపుతున్న ఒకానొక గృహిణి, సొరుగులో రిమోట్ సెల్లులు, ఉబ్బిన ఫోను బ్యాటరీ, తాళంచెవులు, చిల్లర ఒకే రాశిగా పడి ఉండుట చూచి, టీవీ ముందున్న భర్తతో ఆశువుగా పలికిన ఆటవెలది.

ప్రతిపదార్థం: నాథ = ఓ మగడా (టీవీ మోగుచున్నందున రెండుమార్లు పిలిచినట్లు గ్రహించాలి); పాత సెల్లులన్ని = పని తీరిన బ్యాటరీలన్నిటిని; సొరుగులో పడవేసి = విచక్షణ లేక కుమ్మరించి; తాళచెవులతోడ తాకువేళ = రెండు ధ్రువాలకూ ఇనుము తగిలినప్పుడు; అగ్గిపెట్టె కొరకు నరయంగ బనిలేదు = నిప్పు తనంత తానే పుట్టును గనుక; చెప్ప = నేను చెప్పగా; చెవిని బెట్టి వినుము = స్పష్టం. 'బావ' అని పాఠాంతరం. గణం చెడదు, చనువు పెరుగుతుంది.

వ్యాఖ్య: పడవేసినది నాథుడు, తాకునవి సెల్లులు; కర్త మారినది, దోషం కాదా? దోషమే. నాథుడు చేసిన దానిముందు ఇదెంత?

ఇక అసలు శంక. పాతవి గదా, చార్జి అయిపోయినదాంట్లో నిప్పెక్కడిది? ఇంటింటా వినబడే పూర్వపక్షమిది. రిమోట్‌కు చాలనంత మాత్రాన సెల్లు శూన్యం కాదు. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్లు కొంత వేడెక్కి ఊరుకోవచ్చు గాని, మల్టీమీటరులో వేసే 9 వోల్టుల పలకబ్యాటరీ అటువంటిది కాదు. దాని రెండు ధ్రువాలూ ఒకే నెత్తిమీద పక్కపక్కనే ఉంటాయి. ఒక తాళంచెవి అడ్డంపడితే చాలును. సన్నని ఇనుప పీచు తగిలితే ఎర్రబడి అంటుకుంటుంది. కనుక ధ్రువాలపై టేపు అంటించి, దేనికదే విడిగా, పొడిగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో పెట్టవలెనని కవయిత్రి హృదయం.

ఉబ్బిన ఫోను బ్యాటరీ సంగతి వేరు. లోపలి ద్రావకం విడిపోయి గ్యాసు పుట్టినందువల్ల ఆ ఉబ్బు. పూరీని పొడిచినట్లు సూదితో గాలి తీయబోయేవారు ఉన్నారు. లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి, వేడి వేడిని పెంచి, మంటే వస్తుంది. దానిని సొరుగులోనుంచే కాదు, ఇంట్లోనుంచే తీసి, ఇసుక పోసిన కుండలో ఎండ తగలనిచోట, కాలే వస్తువులకు దూరంగా ఉంచి, త్వరగా అప్పగించాలి.

పిల్లల మాట మూలంలో లేదు. ఇక్కడ టీకాకారుడు మూలాన్ని మించక తప్పదు. సీఆర్ 2032 అను బిళ్ల సెల్లుకు పేరే లక్షణసూత్రం: 20 మిల్లీమీటర్ల వెడల్పు, 3.2 మిల్లీమీటర్ల మందం. వ్యాకరణవేత్తలు సైతం అసూయపడే పొదుపు! పసివాడు మింగి అది అన్నవాహికలో ఇరుక్కుంటే, అక్కడి తడే తీగ పని చేసి కరెంటు పారిస్తుంది. క్షారం పుట్టి రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుస్తుంది. వాంతి చేయించరాదు, వేచి చూడరాదు, వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. వాడేసిన బిళ్ల కూడా ఈ పని చేయగలదు.

ఇన్వర్టర్ బ్యాటరీ సొరుగులో పట్టదు గనుక కవయిత్రి దాని జోలికి పోలేదు. చార్జి అయ్యేటప్పుడు హైడ్రోజన్ వదులుతుంది. గాలి ఆడేచోట, దేవుడి దీపానికి దూరంగా ఉంచాలి.

తాత్పర్యం: ఓ మగడా, పాత సెల్లులను ఇనుముతో కలిపి సొరుగులో పడవేసినచో ఇల్లంటుకొనును. వినుము.

విశేషం: 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాల ప్రకారం వాడేసిన బ్యాటరీలను ఇతర చెత్తతో కలపరాదు, వాటిని సేకరించి రీసైకిల్ చేయించే బాధ్యత తయారీదారులది. బ్యాటరీపై కనబడే చక్రాల చెత్తబుట్ట, దానిమీది అడ్డగీతల అర్థం కూడా చెత్తలో వేయవద్దనే. కాబట్టి టేపు చుట్టిన డబ్బా సైతం మజిలీయే. అది చేరవలసినది ఈ-వేస్ట్ తీసుకునే చోటుకు. తీసుకుపోవలసినవాడెవడో పద్యం చివరి పాదంలోనే ఉన్నాడు.