సీ గారింట్లో రస్ట్ కాపురం

2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టి జగ్గయ్యపేటను నందిగామ రెవెన్యూ డివిజన్‌లో వేశారు. పేటవాళ్లు గొణుక్కున్నా, ఆర్డీవోతో పనిబడితే నందిగామ బస్సే ఎక్కుతున్నారు.

ఇలాంటి గొణుగుడే సాఫ్ట్‌వేర్ లోకంలోనూ మొదలైంది: అదే ఏడాది డిసెంబరులో లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నెల్‌లో, దాని 6.1 వెర్షన్‌తో, రస్ట్ భాషకు చోటిచ్చారు. 1991 నుంచీ అక్కడ సీ భాషదే పెత్తనం. ఇక చూడండి రచ్చ! మెమరీ తప్పుల్ని చాలావరకు కంపైలరే పట్టేస్తుందంటారు రస్ట్‌వాళ్లు. రేపు రెండు భాషల చాకిరీ ఎవరు చేస్తారంటారు సీ పెద్దలు. ఆ ప్రశ్నలో న్యాయం లేకపోలేదు. న్యాయం దగ్గరే ఆగితే బాగుండేది. 2024లో రస్ట్ వైపు ముఖ్యుడొకాయన విసిగి తప్పుకున్నారు. 2025లో ఒక సీ పెద్దాయన ఈ రెండు భాషల వ్యవహారాన్ని ఏకంగా క్యాన్సర్ అన్నారు. 2001లో మైక్రోసాఫ్ట్ సీఈవో స్టీవ్ బామర్ లినక్స్‌నే అన్న మాట అది. తిట్టు కూడా సొంతంగా రాసుకోలేదు, ఓపెన్ సోర్స్ కదా! ఆ బామర్ కుర్చీలో మన హైదరాబాదీ సత్య నాదెళ్ల కూర్చున్నాక, 2014లోనే లినక్స్ అంటే ప్రేమని ప్రకటించేశారు.

చివరికి లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ తీర్పు: ఇష్టం లేనివాళ్లు రస్ట్ ముట్టుకోనక్కర్లేదు, పక్కవాడు వాడుకుంటే మాత్రం అడ్డుపడొద్దు.

అమీర్‌పేట కోచింగ్‌కు బయల్దేరిన నందిగామ కుర్రాడి అనుమానం వేరు: “ఏది నేర్చుకుంటే ఆఫర్ లెటర్ తొందరగా వస్తుందండీ?”