నంబరున్న బండి

మా నాన్నగారు స్కూటరు బుక్ చేసింది 1972లో. అది ఇంటికొచ్చింది 1981లో. ఈలోగా మా అక్కయ్యకు పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టారు, ఎమర్జెన్సీ వచ్చి పోయింది, నా డిగ్రీ రెండు సప్లిమెంటరీలతో సహా గట్టెక్కింది. బుకింగ్ రసీదు మాత్రం మా జాతకాలతో పాటు ట్రంకు పెట్టెలో చెక్కుచెదరకుండా ఉంది. పిల్లల నక్షత్రాలు అడిగితే అమ్మ వైపు చూసే మనిషి, ఆ రసీదు నంబరు నిద్రలో లేపి అడిగినా చెప్పేవారు.

మొన్న వేసవిలో ఇంగ్లండులో ఆ నంబరు మళ్లీ గుర్తొచ్చింది. లెస్టర్‌లో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాం. "కోటలు, చర్చిలు చూసి విసుగెత్తి ఉంటారు మామయ్యగారూ, ఇవాళ హింక్లీ వెళ్దాం" అన్నాడు అల్లుడు. నిజానికి విసుగెత్తింది అతనికి. హింక్లీ అంటే ట్రయంఫ్ మోటార్‌సైకిళ్ల ఫ్యాక్టరీ ఉన్న ఊరు. చూడ్డానికి వచ్చేవాళ్ల కోసం ప్రదర్శనశాల కట్టి, అందులో ఒక కాఫీ హోటలు పెట్టి, దానికి 1902 అని పేరు పెట్టారు. కంపెనీ మొదటి మోటార్‌సైకిల్ చేసిన సంవత్సరమట. 1983లో పాత కంపెనీ మునిగిపోతే, జాన్ బ్లూర్ అనే బిల్డరు ఆ పేరు కొని కొత్తగా నిలబెట్టాడు. గోడలకు ప్లాస్టరింగ్ చేసే పనితో మొదలైన మనిషి. మన దగ్గర బిల్డరు చేతిలో నాలుగు డబ్బులాడితే సినిమా తీస్తాడు. ఈయన మోటార్‌సైకిళ్లు తీశాడు.

కాఫీ తాగి బయటికొస్తే పార్కింగ్‌లో ఉంది ఆ బండి.

మోటార్‌సైకిల్ అనడానికి నోరు రాలేదు. ముందు ఇంజను చేసేసి, తర్వాత దీనికి చక్రాలు కూడా ఉండాలి కదా అని ఎవరో గుర్తుచేస్తే తగిలించినట్టుంది. వెనక టైరు వెడల్పు 240 మిల్లీమీటర్లు. మా ఇంట్లో భోజనానికి వేసే పీట అంతకన్నా పెద్దదేం కాదు.

"రాకెట్ 3 టీఎఫ్‌సీ!" అన్నాడు అల్లుడు, గర్భగుడి తలుపు తీసినప్పుడు వచ్చే గొంతుతో.

  

అల్లుడు లెక్కలు మొదలుపెట్టాడు. ఇంజను 2458 సీసీ. మనవాళ్లు తొమ్మిదిమందిని ఎక్కించి తిరుపతి పంపే ఇన్నోవా క్రిస్టా డీజిలు ఇంజనే 2393. దీనికున్నవి మూడు సిలిండర్లు, ఒక్కోటి 819 సీసీ. మన మారుతి 800 ఇంజను మొత్తం కలిపినా 796. అంటే ఒక్కో సిలిండర్లో ఒక మారుతిని కుక్కి, పైన ఇంకాస్త చోటు మిగుల్చుకున్నారు! మారుతిలో మేం పిల్లాపీచుతో ఏడుగురం అన్నవరం వెళ్లొచ్చాం. ఆ లెక్కన దీని మీద ఇరవై ఒక్కమంది సత్యనారాయణ వ్రతానికి వెళ్లాలి. వెళ్లేది ఒక్కడు, అదీ కాఫీకి.

"టార్కు 221 న్యూటన్ మీటర్లకు తగ్గదు మామయ్యగారూ."

"టార్కంటే?"

కాసేపు ఆలోచించాడు. "బండి బురదలో దిగబడితే ఎద్దు భుజం పెట్టి లాగుతుంది చూడండి, అదీ. రేసు బండ్లు గుర్రాలు. కీచుమంటూ నిమిషానికి పదివేల చుట్లు తిరిగితేగానీ ఊపందుకోవు. ఇది 4000 చుట్లకే మొత్తం బలం చూపిస్తుంది. గేరు మార్చే పని పెద్దగా ఉండదు, చెయ్యి తిప్పితే కొండ కదిలినట్టుంటుందట."

చివర్లో ఆ 'ట' దగ్గర గొంతు కాస్త జీరబోయింది. పాపం, అతనికి ఇంటి లోను ఇంకా ఇరవై రెండేళ్లుంది.

నిలబడ్డ చోటునుంచి గంటకు 60 మైళ్లు, అంటే మన 96 కిలోమీటర్లు, అందుకోవడానికి రాకెట్ 3కి 2.73 సెకన్లు చాలని కంపెనీ లెక్క. మా ఆవిడ "ఏమండీ, కాస్త మెల్లగా" అనడానికి పట్టే సమయమది. ఆమె మాట పూర్తయ్యేసరికి దాని అవసరం తీరిపోతుంది.

"మైలేజీ ఎంతిస్తుంది బాబూ?" అన్నాను. ప్రసాదంలో ఉప్పు తక్కువైందన్నవాణ్ణి చూసినట్టు చూశాడు. ఎవరూ వినలేదని రూఢి చేసుకుని, "పదిహేను లోపు" అని గొణిగాడు.

ఇంతలో బండి తాలూకు మనిషి వచ్చాడు. డెబ్బై దాటిన తెల్లాయన. వస్తూనే బండి మీద ఒక చిన్న బిళ్ల చూపించాడు. దాని మీద నంబరు. 2019లో వచ్చిన ఈ మోడల్‌లో ప్రపంచం మొత్తానికి చేసింది 750 బండ్లట, అందులో తనది ఎన్నోదో ఆ బిళ్ల చెబుతుంది. అప్పట్లో ధర 25,000 పౌండ్లు. పెళ్లిసారెలాగా బండితో పాటు ఒక తోలు సంచి, కప్పడానికి దుప్పటి, కంపెనీ అధిపతి సంతకం చేసిన ఉత్తరం.

మాట్లాడుతూనే ఆ బిళ్లను బొటనవేలితో తుడిచాడు. దాని మీద దుమ్మేం లేదు. మా నాన్నగారు కూడా రసీదును పంచె కొంగుతో అలాగే తుడిచేవారు.

అప్పుడు వెలిగింది నాకు. మా కాలంలో ప్రతిదీ లిమిటెడ్ ఎడిషనే! ఏడాదికి ఇన్ని స్కూటర్లకు మించి చెయ్యకూడదని లైసెన్సు. గ్యాసుబండకు నంబరు, టెలిఫోనుకు నంబరు. మేం దాన్ని కొరత అని తిట్టుకున్నాం. వీళ్లు అదే కొరతను సొంత ఖర్చుతో తయారుచేసి, బిళ్ల కొట్టి, సారె పెట్టి పంపుతున్నారు. కావాలంటే వెయ్యి చెయ్యలేరా? చేస్తే ఆ పెద్దాయన తుడుచుకోవడానికి ఏముంటుంది?

మా ఆవిడ బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, "వెనక కూర్చున్నవాళ్లు కాళ్లెక్కడ పెట్టుకోవాలి?" అంది. అల్లుడు తర్జుమా చేశాడు. పెద్దాయన వంగి, బండిలోపలికి మడిచి దాచిన ఫుట్‌రెస్టును బయటికి లాగి చూపించాడు.

"దాచారంటే ఎక్కొద్దనేగా" అంది ఆమె.

నన్ను మాత్రం ఎక్కమన్నాడాయన. ఎక్కాను. సీటు ఎత్తేం కాదు, కాళ్లు రెండూ నేలకు ఆనాయి. బండి బరువు పెట్రోలు పోయకముందే దాదాపు 290 కిలోలు. ఇగ్నిషన్ ఆయనే ఆన్ చేసి, స్టార్ట్ చేసుకోమని సైగ చేశాడు.

ఇక్కడ నా తప్పేం లేదు. ముప్ఫై ఏళ్లు నేను నడిపిన స్కూటరు పొద్దున్నే ఒక పక్కకు వంచితేగానీ స్టార్టయ్యేది కాదు. ఒళ్లు మర్చిపోదు. హ్యాండిలు పట్టుకుని, ఊపిరి బిగించి, అలవాటుగా పక్కకు వంచబోయాను.

బండి వంగలేదు. నేనే వంగాను.

అల్లుడు ఒక రెక్క, పెద్దాయన ఒక రెక్క పట్టుకున్నారు. ఆ పెద్దాయనకు నా ఆరోగ్యం గురించి ఏదో అనుమానం వచ్చినట్టుంది, మంచినీళ్లు తెప్పించాడు. మా ఆవిడ అదే అదనుగా ఫొటో తీసింది. అందులో నేను వీరుడిలా ఉన్నాను. రెండు పక్కల పట్టుకున్న చేతులు కత్తిరించి ఫ్యామిలీ గ్రూపులో పెట్టింది.

తెనాలిలో అప్పుడు రాత్రి తొమ్మిది. రెండు నిమిషాల్లో మా అన్నయ్య జవాబు వచ్చింది.

"బండి బ్రహ్మాండంగా ఉందిరా. బుకింగ్ నాన్నగారు చేసి వెళ్లిందేనా?"